పదిహేడో నంబరు నవల మీద రెండు అభిప్రాయాలు

జూన్ 9

చెల్లీ,

చాలా ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. నవల చదువుతుంటే కన్నీళ్ళొచ్చాయనుకో, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని “ఇది చెడ్డ నవల” అని రాసే హక్కు నాకుంటుందా? యూనివర్సిటీలో మా మేడమ్‌ని అడిగితే “కన్నీళ్ళు సాక్ష్యం కాదమ్మా” అంది. బుద్ధిగా రాసుకున్నాను. ఆ మాట మీదే ఇన్నాళ్ళు ఉద్యోగం చేశాను గానీ, నమ్మానా అంటే చెప్పలేను.

ఈ నెల రాతప్రతుల కట్ట, నీ వంతు కాపీలు, పంపుతున్నాను. ఐదూ ప్రేమ నవలలే. కొత్తగా చేరిన గుమాస్తా నీ పేరు పక్కన “మామూలు పాఠకురాలు” అనీ, నా పేరు పక్కన “నిపుణురాలు” అనీ రాసింది. నొచ్చుకోకు. ప్రతి రాతప్రతికీ రెండు అభిప్రాయాలుండాలనీ, ఒకటి చదువుకున్నవాళ్ళదీ ఒకటి చదవడం ఇష్టమైనవాళ్ళదీ అయ్యుండాలనీ మా ప్రచురణకర్త సుఖాంతం గారి సిద్ధాంతం. (ఆయనకి ఆ పేరు నువ్వే పెట్టావు. మొన్న ఆఫీసులో నోరు జారి అలాగే పిలవబోయాను.) ఎప్పటిలాగే రాసినవాళ్ళ పేర్లు తీసేసి నంబర్లు వేశారు. మనం ముందుగా మాట్లాడుకోకూడదన్న నియమం కూడా ఎప్పటిలాగే ఉంది. మనం దాన్ని పాటించకపోవడమూ ఎప్పటిలాగే.

ఈ ఏడాది ఫ్యాషన్ తిరిగొచ్చే మొగుళ్ళు. పోయినేడాది అంతా ఆఫీసులో పైఅధికారి, అంతకు ముందు ఆగిపోయిన లిఫ్టులు. ఇప్పుడు ఏ కట్ట విప్పినా వదిలేసి పోయిన మొగుడు గుమ్మంలో తడిసి నిలబడుంటాడు. అన్ని ఊళ్ళు తిరిగొచ్చిన మనిషి ఒక గొడుగు కొనుక్కోలేకపోయాడా అని ఏ హీరోయినూ అడగదు. హీరోలకి కంపెనీలుంటాయి గానీ పని ఉండదు. ఆడవాళ్ళకి పని ఉంటుంది గానీ ఎప్పుడూ నడుం నొప్పి రాదు. నాలుగో నంబరు నవల్లో ఆవిడ రెండు షిఫ్టులు చేసొచ్చి అద్దం ముందు నిలబడి తన కళ్ళు ఎంత అందంగా ఉన్నాయో చూసుకుంటుంది. నేనైతే ఆ టైముకి అద్దం ఎటువైపుందో కూడా చెప్పలేను.

ఇక నీ సంగతి. ఆదివారం ఫోన్‌లో అమ్మ కూడా ఉంటుంది కాబట్టి మన మాటలు ఆవిడ మోకాళ్ళు దాటి ముందుకి పోలేదు. మీ ఆయన మళ్ళీ ఫోన్ చేశాడా? ఇంటికొచ్చి కూతుర్ని చూస్తానన్నాడని అన్నావు. తొమ్మిదేళ్ళ తర్వాత. నేనేమంటాను? నీ ఇల్లు, నీ ఇష్టం. ఏం చేసినా నేను నీ వైపే.

నీ అక్క


జూన్ 20

అక్కా,

“నీ వైపే” అన్న మాట చదివి నవ్వొచ్చింది. చిన్నప్పుడు నా బొమ్మ చెయ్యి విరిగితే నా వైపే అన్నావు. విరగ్గొట్టిన పక్కింటి పిల్లతోనూ అదే అన్నావు.

మామూలు పాఠకురాలి అభిప్రాయాలు విడిగా కాగితం మీద పెట్టాను. నాలుగో నంబరు నాకు నచ్చింది. రెండు షిఫ్టులు చేసినావిడ అద్దం చూసుకుంటే నీకేం పోయింది? రోజంతా జనం చేతులూ కాళ్ళూ వంచి సాయంత్రం ఇంటికొచ్చాక, నన్ను ఎవరో ఒకరు అందగత్తె అన్న పుస్తకం చదివితే నాకు అన్నం సయిస్తుంది. పన్నెండో నంబరు చెత్త. ఆ డాక్టరు మెలికపడిన చీలమండకి వేడి సంచి పెట్టాడు. అదే రోజు వేడి పెడతారా ఎవరైనా, ఐసు పెట్టాలి గానీ? అలాంటివాడి చేతికి గుండె ఎలా ఇచ్చిందో.

మా ఫిజియోథెరపీ గదిలో గోడకున్న కప్పీ తాడు తెగి కొత్తది వేయించాను. మోకాలు పోస్టుమాస్టరు నడుస్తున్నాడు. పట్టేసిన భుజంతో ఒక రిటైరైన టీచరు వస్తోంది. గోడ మీద వేళ్ళతో పైకి పాకే వ్యాయామం చేయిస్తాను. నొప్పి తెలియకుండా ఉండాలి, ఏదైనా చెప్పమ్మా అంటుంది. నా దగ్గరేమున్నాయి, నా కథలే చెబుతాను. సగం ఊరి భుజాలకి నా సంసారం తెలుసు.

ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. ఇప్పుడు అడుగుతున్నది కూతుర్ని చూడటం కాదక్కా. ఇక్కడ ఏదో కొత్త కాలనీ కొలతల పని వచ్చిందట, ఆగస్టులో దిగుతాడట. ముందుగదిలో ఉండనిస్తావా అన్నాడు. ఆ రెండో ఇల్లు ముగిసిపోయి చాలా కాలమైందట. జూలై ఆఖరులోగా చెబుతానన్నాను. పిడుగుకి ఇంకా చెప్పలేదు. పదమూడేళ్ళ పిల్లకి ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఒక కోరిక. పదిహేడో నంబరు జాగ్రత్తగా చదువు. ఆ నర్సు చివర్లో తలుపు తీయాలా వద్దా అన్నది నాకు చెప్పు. మనుషుల దగ్గర నువ్వు దూది, పుస్తకాల దగ్గర బ్లేడు. దీనికి బ్లేడే పంపు.

చెల్లెలు


జూలై 2

చెల్లీ,

బ్లేడు కావాలన్నావు, తీసుకో.

పదిహేడు చదివాను. నర్సు, వంతెనలు కట్టే ఇంజనీరు, ఒక పాప. అతను ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు పెట్టుకుని ఏళ్ళ తర్వాత వానలో వచ్చి నిలబడతాడు. (గొడుగు లేదు. చూసుకున్నాను.) చివరి అధ్యాయంలో ఎందుకు వెళ్ళాడో ఒక్క ముక్క చెప్పడు. “నువ్వు అలాగే ఉన్నావు” అంటాడు. అలాగే ఉండటానికి ఆవిడ ఎంత తంటాలు పడిందో అతనికేం తెలుసు? రచయిత్రికి కూడా తెలిసినట్టు లేదు. వాన, లైటు వెలుగు, పాప పరుగున రావడం, ఇవన్నీ పెట్టి మనల్ని ఆ మాట అడగనివ్వదు.

నా అభిప్రాయంలో ఇలా రాశాను: “ఈమె తలుపు తీసింది ప్రేమతో కాదు. ఇన్నాళ్ళూ గడియ పట్టుకుని నిలబడ్డ చెయ్యి నొప్పెట్టి తీసింది. నొప్పిని ప్రేమ అని అమ్మకూడదు.” బాగుంది కదూ? మీ బావకి చదివి వినిపించాను. “ఇంతకీ కలుస్తారా? కలిస్తే మిగతాది నాకెందుకు” అని పేపరు తిప్పాడు.

మా పనిలో మొదటి యాభై పేజీలూ చివరి ఇరవై చదివితే నవల ఏమిటో తెలిసిపోతుంది. మధ్యలో ఎలాగూ అలకలే. అయినా నువ్వు ప్రత్యేకంగా అడిగావని అక్కడక్కడా తిరగేశాను. రాసినావిడకి వాక్యం తెలుసు. మనిషి తెలియదు.

దీనికీ నీ ఇంటి సంగతికీ ముడిపెట్టకు. ఆ కాగితం మొగుడు వేరు, మీ ఆయన వేరు. నీ విషయంలో తొందర లేదనే అంటాను. ఆలోచించుకో.

అక్క


జూలై 10

అక్కా,

అందింది.

చెయ్యి నొప్పి మాట చదివిన రోజు నుంచీ పని సరిగా సాగడం లేదు. ఎవరి చెయ్యి పట్టుకున్నా అదే గుర్తొస్తోంది.

నూట పదో పేజీ గురించి ఒక్క ముక్క రాయలేదేం? బూటు దగ్గర. అక్కడ నీకేమనిపించింది? అసలు అక్కడిదాకా చదివావా?

రాసింది మనకి తెలిసినవాళ్ళయినా ఇలాగే రాస్తావా?

జూలై ఇంకెంతో లేదు.

చెల్లెలు


జూలై 19

చెల్లీ,

నీ ఉత్తరం పట్టుమని పది వాక్యాలు లేదు. నీకు కోపం వచ్చినప్పుడు వాక్యాలు చిన్నవవుతాయి, నాకేమో పొడుగవుతాయి. కాబట్టి ఇది పొడుగ్గా ఉంటే నా మీద నాకు కోపం వచ్చిందని అర్థం చేసుకో.

లేదు, చదవలేదు. ఇప్పుడు చదివాను, మొదటి పేజీ నుంచి, ఒక్కటీ వదలకుండా. నూట పదో పేజీ దగ్గర లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. మీ బావ టీ కావాలా అని అడిగాడు. కప్పు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి పోయాడు.

పాప నాన్న బూటు ఒకటి తీసుకెళ్ళి తన మంచం కింద దాచుకోవడం. ఒక్క బూటుతో ఎక్కడికి వెళ్తాడు అని అమ్మకి ధైర్యం చెప్పడం. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోవడం. మీ ఆయన వెళ్ళిన ఆ వారం నేను మీ ఇంట్లోనే ఉన్నాను. పిడుగుకి నాలుగేళ్ళు. మట్టి ఎండిపోయిన ఆ బూటుని నువ్వూ నేనూ చూశాం, మంచం కిందే వదిలేశాం. ఆ సంగతి మనిద్దరం దాటి పోలేదనే అనుకుంటూ వచ్చాను.

రాసినవాళ్ళెవరో మేం ఊహించకూడదని నియమం. నేను ఊహించను. నువ్వూ చెప్పకు. పోయిన ఉత్తరం మాత్రం చింపెయ్. అందులో నేను నా వాక్యం చూసుకుని మురిసిపోయాను, ఆ ఆడమనిషిని చూడలేదు.

ఇప్పుడు నన్నడిగితే ఆమె తలుపు తీయడం సరైనదే. మనిషిని బయట నిలబెట్టడానికి ఎంత బలం కావాలో లోపలికి రానివ్వడానికీ అంతే కావాలి. అతను కారణం చెప్పకపోవడం కూడా ఇప్పుడు లోపంగా కనిపించడం లేదు. ఆమెకి ఇక కారణం అక్కర్లేదు. కారణం అవసరమైనన్నాళ్ళూ తలుపు మూసే ఉంచింది. ఆ ముగింపు రాసిన చేతికి భయం లేదు. ఒక్క అక్షరం మార్చొద్దు.

ఆఫీసు సంగతి నేను చూసుకుంటాను. పిడుగుకి నా ముద్దులు. తన లెక్కల పరీక్ష ఎలా రాసిందో రాయమను.

అక్క


ఆగస్టు 11

అక్కా,

నీ పోయిన ఉత్తరం పర్సులో పెట్టుకుని తిరిగాను. గదిలో ఎవరూ లేనప్పుడు తీసి చదివేదాన్ని. “నీ ఇష్టం, నీ వైపే” అని నువ్వు వందసార్లు చెప్పినా నేను కదిలేదాన్ని కాదు. పుస్తకం గురించి చెప్పావు కాబట్టి నమ్మాను. మొదట కోసి పారేసి, మొత్తం చదివి, తప్పయిందని ఒప్పుకుని చెప్పావు. అలాంటి మాట నాకు ఇంకెవరు చెబుతారు?

ఆయనకి రమ్మని చెప్పాను. పోయిన శుక్రవారం వచ్చాడు. వాన లేదు. ఆటోలో వచ్చాడు, ఒక పెట్టె, కొలతల సామాను, మడత మంచం. గుమ్మంలో నిలబడి ముందుగది అటూ ఇటూ టేపుతో కొలిచి మంచం ఎక్కడ పడుతుందో చూసుకున్నాడు. నేను అలాగే ఉన్నానని మాత్రం అనలేదు. “సన్నబడ్డావు” అన్నాడు. అంతే. జుట్టు సగం పోయింది. తిన్న కంచం తనే కడుగుతున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో, ఎవరింట్లో నేర్చుకున్నాడో అడగలేదు.

బాగుందా అంటే చెప్పలేను. ఇంట్లో ఇంకొకరు దగ్గే చప్పుడుకి అలవాటు పడుతున్నాను.

పిడుగు సంగతి రాయాలి. నవల్లో పాప బూటు తెచ్చి రెండోదాని పక్కన పెడుతుంది చూడు, చదువుతున్నప్పుడు అక్కడ పేజీ మడిచి పెట్టుకున్నాను. ఆయన వచ్చే ముందు రోజు దాని మంచం కింద ఊడుస్తూ ఆ బూటు బయటికి తీశాను. “అమ్మా, ఇది ఎవరిది? నా మంచం కింద పాత బూటెందుకు?” అంది. దానికి గుర్తే లేదక్కా. రెండిళ్ళు మారాం. మారిన ప్రతిసారీ దాన్ని తెచ్చి ఆ మంచం కింద పెట్టింది నేనే.

ఆయన ఎవరో చెప్పాను. “సరే” అంది. అప్పట్నుంచి హాల్లోకి రాదు. టూత్‌బ్రష్ కూడా తన గదిలోనే పెట్టుకుంటోంది. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి.

చెల్లెలు


ఆగస్టు 18

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా ఉత్తరం చూసి రమ్మన్నావా? నా అభిప్రాయంతో నీకేం పని? ముగింపు నువ్వే రాసుకున్నావు కదా. నువ్వు రాసేశావంటే నీ లోపల నిర్ణయం అయిపోయినట్టే అనుకున్నాను. అయిపోయినదానికి అడ్డుపడి నీ మొదటి నవలని కూడా పాడుచేయడం ఎందుకని మెచ్చుకున్నాను.

వచ్చాడు, సరే. ముందుగది ముందుగదిగానే ఉండనీ. ఇంకేదీ తొందరపడి చేయకు. అమ్మకి చెప్పావా? ఆదివారం ఫోన్‌లో నీ గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు భయమేసింది.

వెంటనే రాయి.

అక్క


ఆగస్టు 30

అక్కా,

నేను నవల రాశానా? కేసు కాగితం మీద మూడు ముక్కలు రాయడానికే మా ఆయా నన్ను తరుముతుంది. ఏ లోకంలో ఉన్నావు?

అది రాసింది భుజం టీచరు. ఆవిడ చెయ్యి వంచుతూ నేను చెప్పిన కథే అది. బూటు కూడా నేనే చెప్పాను, నొప్పికి కళ్ళు మూసుకున్న ఆవిడతో. ఏదో రాస్తున్నాను ఎక్కడికి పంపమంటావు అంటే మీ ఆఫీసు పేరు చెప్పిందీ నేనే. నీ కట్టలో పదిహేడు విప్పగానే తెలిసిపోయింది. నాకు జరిగినదంతా ఉంది, జరగనిది చివర ఉంది. ఆవిడ నాకు ఏం కావాలని కోరుకుందో అది. అందుకే నీకు చెప్పలేదు. చెబితే దూది పంపుతావు. ఎవరిదో తెలియకుండా చదివితే నిజం చెబుతావనుకున్నాను.

మొన్న గురువారం ఆవిడ వచ్చింది. గోడ మీద వేళ్ళు పాకిస్తోంది, గుర్తు పెట్టిన చోటికి వచ్చి ఆగింది. “తిప్పి పంపేశారమ్మా” అంది. నేను ఏమన్నారు అన్నాను. “ఒక వాక్యం కంఠతా వచ్చేసింది” అని, చెయ్యి గోడ మీదే ఉంచి చెప్పింది: “ఈమె తలుపు తీసింది ప్రేమతో కాదు. ఇన్నాళ్ళూ గడియ పట్టుకుని నిలబడ్డ చెయ్యి నొప్పెట్టి తీసింది.” ఆపైన నవ్వి, “ఎవరో గానీ భుజం నొప్పి తెలిసినవాళ్ళే” అంది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆవిడే అంది, “పట్టు కాస్త వదులు తల్లీ, నలుగుతోంది” అని.

అంటే ఆఫీసుకి పంపింది మొదటిదే. మార్చలేదు. వాళ్ళకి బ్లేడు, నాకు దూది. ఇన్నేళ్ళలో ఒక్కచోట నువ్వు నాకు అబద్ధం చెప్పవనుకున్నాను, సరిగ్గా అక్కడే చెప్పావు. అది కూడా నా రాత బాగుందని నన్ను సంతోషపెట్టడానికి. నేను అడిగింది నా ఇంటి తలుపు గురించి.

ఇప్పుడు ఆయన, ముందుగది ఉక్కగా ఉంది, లోపలికి రానా అని అడుగుతున్నాడు. వచ్చే నెలాఖరుకి చెబుతానన్నాను. నా బతుకులో అన్నీ నెలాఖరుకే. పిడుగు నిన్న మొదటిసారి హాల్లోకి వచ్చింది. ఆయన కంపాసు ఎలా చూడాలో చెబుతుంటే దూరంగా నిలబడి విని, మళ్ళీ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

రెండు అభిప్రాయాల్లో నువ్వు నమ్మింది ఏది? అది మాత్రం చెప్పు. క్షమాపణ అక్కర్లేదు, నాకు కాగితం దండగ.

చెల్లెలు


సెప్టెంబరు 8

చెల్లీ,

క్షమాపణ రాయను. అడిగినదానికే జవాబు చెబుతాను, అది జవాబులా ఉండదు.

మొదటిసారి చదివినప్పుడు, ఆ చివరి ఇరవై పేజీల్లో, ఆమె గడియ తీసే దగ్గర నాకు కన్నీళ్ళొచ్చాయి. నీకు చెప్పలేదు. కాగితం తడవకుండా పక్కకి జరిపి, మా మేడమ్ మాట తలుచుకుని, ఆ చెయ్యి నొప్పి వాక్యం రాశాను. రాసింది బాగా కుదిరిందని సంతోషం కూడా వేసింది. రెండోసారి, నీ నవల అనుకుని మెచ్చుకుంటూ రాసినప్పుడు, కళ్ళు పొడిగానే ఉన్నాయి. నీకు నచ్చాలని ఒక్కో మాటా ఏరుకుంటూ రాశాను. అంటే ఏడుస్తూ తలుపు తీయొద్దన్నాను, ఏడవకుండా తీయమన్నాను. ఇందులో ఏది అబద్ధమో నన్ను అడిగితే, మొదటిది అని ఒకరోజు అనిపిస్తుంది, రెండోది అని ఒకరోజు. నీకు రాసింది నేను నమ్మకుండానే రాశాను. అంతవరకూ నువ్వన్నది నిజం. కానీ నమ్మకుండా రాసిన మాట తప్పే అయ్యుండాలని ఎక్కడుంది? ఇలా అంటుంటే తప్పించుకుంటున్నానా అని కూడా అనిపిస్తోంది. తప్పించుకుంటున్నానేమో.

ఆఫీసుకి అది మార్చకుండా పంపడానికి కారణం చెబుతాను. నువ్వే రాశావనుకున్నాను కాబట్టే మార్చలేదు. చెల్లెలి పుస్తకమని పాస్ చేస్తే రేపు నా ముఖం నేను చూసుకోలేననుకున్నాను. నీకు మంచి మాట, ఆఫీసుకి నిజాయితీ, రెండూ దక్కించుకున్నాననుకున్నాను. ఆ నవల వెనక ఒక గుమ్మం ఉందనీ దాని ముందు నువ్వు నిలబడి అడుగుతున్నావనీ నాకు తట్టలేదు. తట్టి ఉండాల్సింది. జూలై ఇంకెంతో లేదని కూడా రాశావు.

నిన్న సుఖాంతం గారి దగ్గరికి వెళ్ళాను. పదిహేడో నంబరు మీద నా అభిప్రాయం వెనక్కి తీసుకుంటానన్నాను. “అయితే అచ్చేయమంటారా?” అన్నాడు. అలా అనడం లేదన్నాను. “మరి వద్దంటారా?” అదీ అనడం లేదన్నాను. కళ్ళద్దాలు పైకి తోసి, “అమ్మా, మా కాగితం మీద అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి ఉన్నాయి. మీరు చెప్పే గడి లేదు. జనం బస్సులో చదువుకునే పుస్తకం, ఏడిపించండి, దిగేలోపు కళ్ళు ఆరబెట్టండి, అంతే కదా మన వ్యాపారం” అన్నాడు. టీ తెప్పించాడు. రాతప్రతి మళ్ళీ పంపమని టీచరుగారికి రాస్తానన్నాడు, ఈసారి నిపుణురాలి అభిప్రాయం లేకుండా చూస్తాడట. మామూలు పాఠకురాలి అభిప్రాయం చాలట. ఆ కాగితం మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది. నువ్వు ఏం రాస్తావో నాకు చెప్పకు.

ఈ వారం నవల మూడోసారి చదివాను. టీచరుగారికి మనిషి తెలియదన్నాను కదా. ఆమె గడియ తీశాక, అతను లోపలికి రాకముందు, ముందు అతని కాళ్ళ వైపు చూస్తుంది. ఏం వేసుకుని వచ్చాడో అని. రచయిత్రి అది చెప్పకుండా వాన గురించి రాసింది. అంతకుముందు రెండుసార్లూ నేను ఆ వాక్యం దాటిపోయాను. నువ్వు ఆ శుక్రవారం ఆటో దిగిన మనిషి కాళ్ళ వైపు చూశావా?

కట్టలన్నీ తిరగేసినా, నాన్న తిరిగొచ్చాక టూత్‌బ్రష్ గదిలో పెట్టుకున్న పిల్ల ఏ నవల్లోనూ దొరకలేదు. ఆ పిల్లకి ఏం చెప్పాలో ఎవరూ రాయలేదు. శనివారం బండికి వస్తున్నాను. ఆయన ముందుగదిలో ఉంటే నేను పిడుగు గదిలో కింద పడుకుంటాను. అది ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే మీ గదిలో రోగుల మంచం ఉంది కదా, నాకు నడుం నొప్పి కూడా ఉంది.

ఆయన్ని లోపలికి రానివ్వాలా అని నెలాఖరుకి నువ్వు చెప్పాలి. నేను వచ్చినప్పుడు నా ముఖం చూసి జవాబు వెతుకుతావు. ముందే చెబుతున్నాను, అందులో జవాబు లేదు. నవల్లో ఆమె తలుపు తీసి ఉండాల్సిందా కాదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. నువ్వు తీసి ఉండాల్సిందా కాదా అన్నది అంతకన్నా తేలలేదు.

అక్క